వెనక సీటు మీద కవరు

“వాడకట్టోల్లు అడిగితే ఏం జెప్పాలె నేను? చిన్నపిల్ల పోసిందని చెప్పాల్నా? మన ఇంట్ల చిన్నపిల్లలే లేకపాయె.”

రుక్మాబాయి ఈ మాట కోడలి ముఖం చూసి అనలేదు. ప్రహరీ గోడ మీద ఆరేసిన పరుపును చూసి అన్నది. రాత్రి కోడలు దగ్గినప్పుడు పరుపు మీద పడ్డ మరక వీధివైపుకు ఉంది. ఇంటివైపుకు తిప్పి వేసినా అంతే ఎండ తగిలేది. అయినా పొద్దున్నే ఒక్కతే దాన్ని ఈడ్చుకొచ్చి, కొంగు నడుముకు చెక్కి, మరక వీధిలోకి కనిపించేలా సర్ది మరీ వేసింది. పాలవాడు చూశాడు. ఆదిభట్ల కంపెనీ బస్సు కోసం మూలమీద నిలబడ్డవాళ్లు చూశారు, చూసి ముఖాలు తిప్పుకున్నారు.

నిర్మల రేకుల అర్ర గడపలో కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆ అర్రలో ఆమె మొగుడు భూపాల్ తన వెంచర్ల బోర్డులు, ప్లాట్ల హద్దురాళ్లకు వేసే సున్నం డబ్బాలు పెట్టుకుంటాడు. వారం నుంచి పెళ్లాన్ని కూడా అక్కడే పెట్టాడు.

“మరక లోపటికి తిప్పి ఏస్తే ఏమైతుండె అత్తమ్మా?”

“ఇంట్లకు వాసనొస్తుండె.”

“వాసన మరక ఎటుంటె అటే పోతదా?”

“నాకు సదువు జెప్పకు. కందుకూరుల నా తమ్ముని కొత్తింట్ల పోసొచ్చినవ్. ఆ టైల్స్ మీద ఇంక పసుపు గూడ ఆరలేదంట. నా పుట్టింటోల్లకు నేను మొకమెట్ల సూపియ్యాలె?”

కందుకూరులో జరిగింది అందరికీ తెలిసిందే. గృహప్రవేశం నాడు అన్నంతో నిండిన పెద్ద గుండి ఎత్తడానికి నలుగురు ఆడవాళ్లు చెయ్యి వేశారు. వాళ్లలో నిర్మల ఒకతె. బరువు నడుము దాకా వచ్చేసరికి లోపల ఏదో జారినట్టయింది. ఆపుకుందామనుకునేలోగా చీర తడిసింది, కాళ్ల మధ్య టైల్స్ తడిశాయి. గుండి దించి పారిపోదామంటే చేతులు ఖాళీ లేవు. ఆ గుండిని పందిట్లోకి చేర్చేదాకా తడి పాదాలతోనే నడిచింది. నవ్వినవాళ్లకంటే, జాలిగా చూస్తూ ముక్కు మీద కొంగు వేసుకున్నవాళ్లే ఆమెకు ఎక్కువ గుర్తున్నారు.

భూపాల్ ఇంట్లో ఆడవాళ్లు నెలసరి రోజుల్లో దూరం కూర్చోవడం మామూలే. వేరే చాప, వేరే కంచం, వంటింటి గడప తొక్కకపోవడం. మూడు రోజులు గడిచాక తలకు పోసుకుని లోపలికి వస్తారు. రుక్మాబాయి ఆ పద్ధతినే పట్టుకుని కోడలికి కొత్త శిక్ష కనిపెట్టింది. నెలసరికైతే ముగింపు ఉంది, దీనికేది? ఎప్పుడు కారుతుందో తెలియని మనిషి ఎప్పుడూ మైలే అని తేల్చేసింది. ఆ తీర్పుకు భూపాల్ తలూపాడు. ఆపరేషన్ చేయించుకుంటేనే ఇంట్లో కాలు పెట్టాలని షరతు కూడా పెట్టాడు. ఆ ఆపరేషన్ ఇవాళే.

తోటికోడలు రేణుక ఉప్మా కంచం తెచ్చింది. గడప దాకా రాలేదు. నాలుగడుగుల దూరంలో నేల మీద పెట్టి, కాలితో ముందుకు నెట్టింది. కంచం గీరుకుంటూ వచ్చి నిర్మల ముందు ఆగింది.

“చేత్తోటి ఇస్తే నీకేమన్న అంటుకుంటదా రేణుకా?”

“నేనేం జెయ్యాలె అక్కా? అత్తమ్మ గట్లనే పెట్టుమన్నది.”

“కాలుతోటి నూకుమన్నదా?”

రేణుక లోపలికి పోయింది. నిర్మల ఉప్మా ముట్టలేదు. మొన్నటిదాకా ఆమెకు తన మీద తనకే రోత. మనుషుల్లో కూర్చుంటే తన వాసన తనకే తగిలినట్టుండేది. ఈ వారంలో ఆ రోత మెల్లగా దిశ మార్చుకుంది. ఇంటి మీదికి, ఇంట్లోని మనుషుల మీదికి మళ్లింది. కాలితో నెట్టిన కంచంలోని ఉప్మా కంటే తడిసిన చీరే శుభ్రమైనదని ఆమెకు గట్టిగా అనిపించింది.

వాకిట్లో భూపాల్ కారు తుడుస్తున్నాడు. ఔటర్ రింగ్ రోడ్డు పడ్డాక ఇబ్రహీంపట్నం చుట్టూ చేన్లన్నీ ప్లాట్లయ్యాయి. పట్నం నుంచి కొనేవాళ్లను ఎక్కించుకుని వెంచర్లు చూపించడం అతని పని. అందుకే ఆ తెల్ల కారంటే ప్రాణం. తల్లిని మాత్రం దాన్లో ఇంతవరకు ఎక్కించలేకపోయాడు. కారు పడదు, కడుపుల తిప్పుతది అంటుంది రుక్మాబాయి. సొంత తమ్ముడి గృహప్రవేశానికి కూడా పోలేదు. కొడుకును, కోడళ్లను పంపించి, జరిగినదంతా రేణుక నోట విన్నది.

తుడవడం అయ్యాక భూపాల్ ఒక పెద్ద పాలిథిన్ కవరు తెచ్చాడు. కొత్త మంచం కొన్నప్పుడు దాని పరుపుకు చుట్టి వచ్చిన కవరు. వెనక తలుపు తీసి, దాన్ని సీటు పొడుగునా పరిచి, అంచులు సందుల్లోకి దోపాడు. ముడతలు లేకుండా అరచేత్తో సాపు చేశాడు.

“అదెందుకు?” అంది నిర్మల.

“నువ్వు కూసునేటందుకు.”

“నేను గుడ్డ పెట్టుకున్న.”

“గుడ్డ కందుకూరుల గూడ పెట్టుకున్నవ్. కస్టమర్లు కూసునే సీటిది. ఒక్కసారి వాసన పట్టిందంటే ఏం జేసినా పోదు.”

పెళ్లయిన కొత్తలో ఇదే మనిషి ఆమె తడిజుట్టు విదిలిస్తే నవ్వుతూ ముఖం ముందుకు పెట్టేవాడు. ఇప్పుడు ఆమె కూర్చోబోయే చోటును ముందే ఇలా చుట్టబెడుతున్నాడు. ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న చిన్నోడి కాన్పు కష్టమై ఈ జబ్బు మొదలైంది. ఆ బిడ్డ అతని బిడ్డ కూడా. ఆ సంగతి ఇంట్లో ఒక్కరికీ గుర్తు లేదు.

“ఇంకోసారి చెప్తున్న, జర ఇను,” అంది నిర్మల. “లేడీ డాక్టర్ నన్ను పండవెట్టి చూసింది. గర్భసంచి మంచిగున్నదన్నది. జారలేదు, గడ్డల్లేవు. మంచిగున్నదాన్ని కోసి తీసేస్తే ఇది ఆగదు అన్నది.”

“ఆమె ఎవరో నాకు తెల్వది. విద్యాసాగర్ సార్ మన ఇంటి మనిషి.”

“మన ఇంటి మనిషి నన్ను ఒక్కనాడన్న పరీక్ష జేసిండా? మీ అమ్మ చెప్పింది ఇన్నడు, సంచి తీయాలన్నడు.”

“ఆడదాన్ని ఆయనెట్ల పరీక్ష జేస్తడు?”

“మరి తీసుడెట్ల చెప్పిండు?”

భూపాల్ తడిగుడ్డ పిండి, అద్దం మళ్లీ మొదటినుంచి తుడవడం మొదలుపెట్టాడు.

మొన్న మేడమీద పోర్షన్‌లో అద్దెకుండే లలితకుమారి తన స్కూటీ మీద తుక్కుగూడ దగ్గరున్న ఆ లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరమ్మ మొదట మూత్రపరీక్ష, షుగర్ పరీక్ష చేయించింది. రెండూ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి గట్టిగా దగ్గమంది. నిర్మల సిగ్గుతో చచ్చిపోతూ దగ్గింది. కింద పరిచిన కాగితం తడిసింది. డాక్టరమ్మ ముక్కు మూసుకోలేదు. దీనికి ఇంత భయమెందుకమ్మా అంది.

దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా పడేది ఒక రకం, వెళ్లాలనిపించి గుమ్మం చేరేలోపే పడేది ఇంకో రకం అని చెప్పింది. నిర్మలది మొదటి రకం. మూత్రసంచిని, గర్భసంచిని కింద నుంచి ఉయ్యాల గుడ్డలా మోసే కండరాలుంటాయి. కాన్పుల్లో అవి సాగాయి. సాగిన గుడ్డను బిగించాలి గానీ, అందులో ఉన్నదాన్ని తీసి పారేస్తే ఏమొస్తుంది అని అడిగింది.

“గ్యాస్ పోకుండా ఆపుకుంటారు చూడండి, అలా కింద బిగించి పైకి లాగాలి. ఊపిరి మాత్రం బిగపట్టొద్దు. కొంచెంసేపు ఉంచి వదలాలి. రోజుకు మూడుపూటలా. దగ్గు వస్తుందనిపిస్తే ముందే బిగించుకోండి. మూడు నెలలు విడవకుండా చేస్తే చాలామందికి తగ్గుతుంది. తగ్గకపోతే రబ్బరు రింగు ఉంది, అవసరమైతే చిన్న ఆపరేషన్ కూడా ఉంది. అది వేరు, గర్భసంచి తీయడం వేరు.”

ఆ తర్వాత, నీళ్లు ఎన్ని తాగుతారు అని అడిగింది. బయటికి పోయే రోజు అసలు తాగనని, ఇంట్లో ఉన్నా గొంతు తడుపుకోవడానికే తాగుతానని నిర్మల గొప్పగా చెప్పింది. ఏళ్ల తరబడి అదే తన తెలివి అనుకుంది. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి వాసన పెరుగుతుందని, లోపల మండి ఇంకా తొందరపెడుతుందని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. ఎవరికీ రాకూడదని దాచుకున్న వాసనను తన చేతులతో తనే పెంచుకుంది.

ఈ మాటలన్నీ చెప్తే భూపాల్ నవ్వాడు. బిగపట్టుకునుడు గూడ ఒక మందేనా అన్నాడు.

కంచం కడుక్కుందామని నిర్మల ఇంటి వెనక సంపు దగ్గరికి పోయింది. ఇప్పుడు ఆమె కంచం ఆమే కడుక్కోవాలి, అదీ వంటింటి పీచుతో కాదు. సంపు గోడకూ ప్రహరీకీ మధ్య ఇరుకు సందులో కొబ్బరిపీచు కోసం చెయ్యి పెడితే ఒక పెయింటు డబ్బా తగిలింది. మూత బిగుతుగా ఉంది. తీసింది.

డెట్టాల్ వాసన గుప్పుమంది. దాని వెనకే ఇంకో వాసన. ఆ వాసనను ఈ లోకంలో నిర్మల కంటే బాగా ఎరిగినవాళ్లు లేరు.

డబ్బాలో మడతలు పెట్టిన గుడ్డలు నానుతున్నాయి. తనవేనా అని ఒక్క క్షణం తికమకపడింది. తనవి పాత నైటీ ముక్కలు. ఇవి తెల్లవి, ఆకుపచ్చ అంచువి. మామ మల్లేశయ్య కట్టిన పంచెలు. ఆయన పోయాక ఆ పంచెలు ఎవరికైనా ఇద్దామంటే రుక్మాబాయి ఒప్పుకోలేదు. పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. మొగుడి మీద ఎంత ప్రేమో అని చుట్టాలంతా కళ్లు తుడుచుకున్నారు. ఆ ప్రేమ ఇన్నాళ్లూ ఎలా ఉపయోగపడుతోందో ఇప్పుడు డబ్బాలో తేలుతోంది.

నిర్మల సంపు గట్టు మీద కూలబడింది. ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. మడి అంటూ అత్త పూటపూటా చేసే స్నానాలు. వాకిట్లో ఆమె ఒక్కతే కూర్చునే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, ఎవరైనా కూర్చుంటే పడే తిట్లు. వంటింట్లో ఎండుమిరపకాయలు వేయిస్తే ఘాటు పడదంటూ వీధి చివరిదాకా పోయి నిలబడటం. కారు పడదనడం.

రుక్మాబాయికి గర్భసంచి తీయించి పదేళ్లు దాటింది. అప్పుడూ పట్నం తీసుకుపోయింది విద్యాసాగరే.

జాలి కలగాల్సిన చోట నిర్మలకు మళ్లీ రోతే కలిగింది. డబ్బా చూసి కాదు. ఈ డబ్బా ఇక్కడ దాచి, ఆ చేతులతోనే తన పరుపును వీధికి ఎక్కించిన మనిషిని తలుచుకుని. మూత పెట్టి, డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టింది.

మేడ మెట్ల దగ్గర లలితకుమారి బడికి పోవడానికి చెప్పులు వేసుకుంటోంది. ఆమెది గుంటూరు వైపు. ఇక్కడే ప్రైవేటు స్కూల్లో టీచరు.

“లలితక్కా, జర ఆగవా. ఒక్క నిమిషం మా ఆయనకు చెప్పు. నీకు గూడ గిదే ఉండెనని, ఆపరేషన్ లేకుంటనే తగ్గిందని. నువ్వు చెప్తే ఇంటడు.”

లలితకుమారి ముఖం పాలిపోయింది. మెట్లపైకి ఒకసారి, వాకిట్లోకి ఒకసారి చూసింది.

“మెల్లగా మాట్లాడండి నిర్మలా. మా వారికే తెలియదు. నడుంనొప్పికి ఎక్సర్‌సైజులు చేస్తున్నానని చెప్పాను.”

“మొగనికి తెలుస్తే ఏమైతదక్కా?”

“మీకు తెలియదా ఏమవుతుందో? ఆ గోడ మీద పరుపు చూసి నేను తలుపేసుకున్నానండి. రేపు భూపాల్ గారు మాటవరసకి మా ఆయనతో అంటే? స్కూల్లో పిల్లలకు తెలిస్తే బోర్డు మీద బొమ్మ వేస్తారు.”

“అయితే నన్ను కోస్తుంటె చూసుకుంట ఉంటవా?”

“మీరు వెళ్లకండి. చచ్చినా వెళ్లకండి. కానీ నా పేరు మాత్రం చెప్పకండి, మీకు దణ్ణం పెడతాను.”

నిజంగానే చేతులు జోడించింది. తర్వాత గోడ మీది పరుపు వైపు చూడకుండా, స్కూటీని గేటు దాకా తోసుకుంటూ పోయింది. నిర్మలకు ఆ జోడించిన చేతుల మీద కూడా అసహ్యం పుట్టింది. సాయం చేసిన మనిషి మీద అసహ్యం పడుతున్నందుకు తన మీద మరికొంత. ఒక్క ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లకు ఒకటే జబ్బు. ఆ ఇంటి మగవాళ్లకు తెలిసిన రోగి మాత్రం ఒక్కతే.

గేటు ముందు మోటార్‌సైకిల్ ఆగింది. విద్యాసాగర్ తోలు సంచి భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. ఆయన డాక్టరు చదువు చదవలేదు. ఎక్కడో కాంపౌండరుగా ఉండి సూదిమందు వేయడం నేర్చుకుని వచ్చాడు. జ్వరానికి సూది, నీరసానికి సెలైను, ఆడవాళ్ల బాధ ఏదైనా సరే సంచి తీయించడం. మూడో వైద్యానికి పట్నం దవాఖాన ఒకటి ఆయనకు సిద్ధంగా ఉంటుంది. వాడలో ఆయన మాటకు తిరుగులేదు.

“తయారైనవా చెల్లె? ఏం ఫికర్ జెయ్యకు. పొద్దుగూకెవరకు సాఫ్ అయిపోతది,” అన్నాడు.

రుక్మాబాయి తన ఎర్ర కుర్చీలో కూర్చుంది. భూపాల్ కారు తాళం వేలికి తిప్పుతూ పక్కన నిలబడ్డాడు. తోడుగా పోవాల్సిన రేణుక, పోయేలోపు కూర పొయ్యి మీద వేసి వస్తానని వంటింట్లో ఉంది. వంటింటి కిటికీ వాకిట్లోకే తెరుచుకుంటుంది.

“నేను రాను సార్,” అంది నిర్మల.

“భయమైతున్నదా?”

“భయం గాదు. నాకు దగ్గితే పడ్తది. తుమ్మితే పడ్తది. బరువెత్తితే పడ్తది.”

ఆ మాట వాకిట్లో ఆమె నోట గట్టిగా వినబడటం అదే మొదలు. రుక్మాబాయి వీధి వైపు చూసింది. నిర్మల ఆగలేదు.

“గర్భసంచి తీస్తే ఇది ఆగదని డాక్టర్ చెప్పింది. మూడు నెలలు కసరత్తు జేస్త. తగ్గకపోతే ఆమె చెప్పిన ఇలాజు చేయించుకుంట. నన్ను కొయ్యనియ్య.”

విద్యాసాగర్ నవ్వాడు. చిన్నపిల్లల మొండితనానికి పెద్దవాళ్లు నవ్వే నవ్వు.

“పుస్తకం సదివి చెప్పేటోల్లు మస్తుంటరు చెల్లె. నేను కండ్లతోటి చూసి చెప్తున్న. దూరమెందుకు, మీ అత్తమ్మనే అడుగు. ఆమెకు గిదే తక్లీఫ్ ఉండె. నేనే తీయించిన. చెప్పమ్మా నీ కోడలికి.”

భూపాల్ తల్లి వైపు తిరిగాడు. “అమ్మా, నీకు గిదే ఉండెనా? కడుపునొప్పి అని గద అప్పుడు చెప్పినవ్?”

రుక్మాబాయి కొంగు మోకాళ్ల మీదికి లాక్కుంది. నిర్మల ఆమె కళ్లలోకి చూసింది. ఒక్క మాట చాలు. ఆగలేదు అంటే చాలు. తన గర్భసంచి ఇప్పుడు ఆ ముసలి నోట్లో వేలాడుతోంది.

“జరంత ఉండె,” అంది రుక్మాబాయి. “తీసినంక సాఫయింది. ఒక్క సుక్క గూడ లేదు.”

“ఇన్నవా?” అన్నాడు భూపాల్.

నిర్మల కాళ్లు తమంతట తామే ఇంటి వెనక్కి తిరిగాయి. సందులోంచి డబ్బా తెచ్చి ఈ వాకిట్లో కుమ్మరిస్తే సరి. ఆకుపచ్చ అంచు పంచె ముక్కలు పరుపు పక్కనే గోడ మీద ఆరేస్తే ఇంకా సరి. రెండడుగులు వేసింది. ఎదురుగా గోడ మీద తన మరక ఎండలో స్పష్టంగా కనిపించింది. అలా ఆరేసే మనిషి ఎలా ఉంటుందో ఆమె పొద్దున్నే చూసింది. అలాంటి ఇంకో మనిషి తనలోంచి లేవబోతోందని తెలిసింది. వెనక్కి తిరిగి వచ్చి అత్త కుర్చీ పక్కన నిలబడింది.

“ఒక్కసారి మంచిగ యాద్జేసుకోని చెప్పు అత్తమ్మా,” అంది మెల్లగా.

“ఏం యాద్జేసుకోవాలె? చెప్పిన గద.”

“అయితే కారెక్కు,” అన్నాడు భూపాల్. “ఎక్కకుంటె గా అర్ర గూడ ఖాళీ చెయ్యి. నీ పుట్టింట్ల మీ అన్న భార్య తుడుస్తదేమో పొయ్యి చూడు.”

అప్పుడే వంటింట్లో రేణుక నూనెలో ఎండుమిరపకాయలు వేసి, ఫోనెత్తి మాటల్లో పడినట్టుంది. మాడిన ఘాటు కిటికీలోంచి వాకిట్లోకి విరుచుకుపడింది. భూపాల్ దగ్గాడు. విద్యాసాగర్ జేబురుమాలు తీసి, వంగి వంగి దగ్గాడు. నిర్మలకు గొంతులో గీరింది. దగ్గు వస్తోందని తెలియగానే డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. కింద బిగించి, పైకి లాగి, అప్పుడు దగ్గింది. ఇంకోసారి దగ్గింది. గుడ్డ పొడిగానే ఉంది. ఆమె ఆ సంగతి నమ్మలేక అలాగే నిలబడిపోయింది.

రుక్మాబాయి దగ్గలేదు. పెదాలు బిగించింది. మెడ నరాలు తేలాయి, కళ్లలోంచి నీళ్లు కారాయి. రెండు చేతులతో కుర్చీ పట్టుకుని లేవబోయి లేవలేక, చివరికి ఒక్కసారిగా దగ్గేసింది. ఒకదాని మీద ఒకటి, ఆగకుండా.

“పొయ్యి బంద్ జెయ్యి రేణుకా,” అని భూపాల్ వంటింటి వైపు అరుస్తున్నాడు. ఆ అరుపులో ఇంకే చప్పుడూ వినిపించలేదు. ఎర్ర కుర్చీ కింద సిమెంటు మీద ఒక సన్నని తడి బయలుదేరింది. వాలుకు జారి, నిర్మల పాదాల దగ్గరికి వచ్చి ఆగింది.

భూపాల్ ఇటు తిరిగాడు. తడి చూశాడు. భార్య పాదాలు చూశాడు.

“థూ,” అన్నాడు. “మళ్ల పోసినవా? మాట్లాడుకుంట మాట్లాడుకుంటనే పోసినవా? చూసిన్రా సార్? ఇది కసరత్తు జేస్తదంట.”

విద్యాసాగర్ జేబురుమాలు ముక్కు మీంచి తీయకుండా తల పంకించాడు. ఆయన చూపు తడి వెంట కుర్చీ దాకా పోయింది. అక్కడ ఆగి, చటుక్కున గేటు వైపు మళ్లింది.

“నేను పొయ్యలేదు,” అంది నిర్మల.

“మరి ఎవరు పోసిన్రు? నేనా? అమ్మా, నువ్వు చూసినవ్ గద. ఎవరిది గిది?”

రుక్మాబాయి కోడలి వైపు చూసింది. ఎర్రబడ్డ కళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి. ఆ కళ్లలో బతిమాలుకోవడం ఉందని నిర్మలకు అనిపించింది. అందుకే ఆమె ఊరుకుంది. అత్త నోరు తెరిచింది.

“ఇంకెవరిది? దానిదే. ముందుగాల దాన్ని కారెక్కియ్యి.”

నిర్మల పోయి గోడ మీది తన పరుపును దించి, మరక లోపలికి మడిచి, రేకుల అర్రలో పెట్టింది. పాత నైటీ ముక్క తెచ్చి కుర్చీ దగ్గర గొంతుక్కూర్చుంది. తన పాదాల దగ్గర తుడిచింది. భూపాల్ ముక్కు మూసుకుని ముఖం అటు తిప్పుకుంటే, తడి వెంట వెనక్కి తుడుచుకుంటూ కుర్చీ కాళ్ల దాకా పోయింది. పైనుంచి అత్త చీర అంచు నుంచి ఒక చుక్క ఆమె మణికట్టు మీద పడింది. వెచ్చగా ఉంది. ఇద్దరూ దాన్ని చూశారు.

నిర్మల గుడ్డ మడిచి లేచింది. ముఖంలో కోపం లేదు, కన్నీళ్లు లేవు. అసహ్యం మాత్రం ఉంది. ఆ చుక్క మీద కాదు.

“వస్త,” అంది భూపాల్‌తో. “నువ్వు చెప్పిన దవాఖానకే వస్త. మాట్లాడకుంట కారెక్కుత. కాని అత్తమ్మ తోడు రావాలె.”

“అమ్మకు కారు పడదు. రేణుక వస్తది.”

“రేణుకకు ఏం తెలుసు? తీసినంక ఎట్లుంటదో అత్తమ్మకే తెలుసు. ఒక్క సుక్క గూడ లేదన్నది. దవాఖానల నా పక్కన కూసోని నాకు ధైర్యం జెప్తది. ఆమె లేస్తే నేను గూడ కారెక్కుత.”

భూపాల్‌కు ఆ మాట నచ్చింది. ఇంత తేలిగ్గా దిగివస్తుందని అతను అనుకోలేదు. చకచకా పోయి కారు వెనక తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు.

“దా అమ్మా, గింతదూరమే గద. నువ్వొస్తే ఇది గూడ వస్తదంట. లే.”

రుక్మాబాయి లేవలేదు.

నిర్మల కుర్చీ మీదికి వంగి, అత్త చెయ్యి పట్టుకుంది.

“లే అత్తమ్మా,” అంది. “వెనక సీటు మీద కవరు పెద్దగనే ఏసిండు నీ కొడుకు. మనిద్దరికి సరిపోతది.”

“లే అమ్మా, ఆలస్యమైతున్నది,” అన్నాడు భూపాల్ మళ్లీ.

రుక్మాబాయి కోడలి చేతిలోంచి తన చెయ్యి విడిపించుకోలేదు. లేవనూ లేదు.